కొసరు మీట

మంగళపాలెంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు గ్లాసుడు మంచినీళ్ళిస్తారు, తర్వాత గోడవైపు చెయ్యి చూపించి "ఒక నొక్కు నొక్కుకోండి" అంటారు. అక్కడ బొటనవేలు పట్టేంత ఇత్తడి మీట ఉంటుంది. దాని పేరు కొసరు మీట. అంగారక గ్రహం మీద గాలి ఊరికే వీచేది కాదు. మంచుగడ్డల్ని విడగొట్టి ప్రాణవాయువు తయారుచేసి, తలకి రోజుకి అయిదువందల యాభై లీటర్ల చొప్పున కొలిచి వదులుతారు. ముప్ఫై ఏళ్ళ కిందట మొదటి కాపురాలు పెట్టిన వాళ్ళకి ఆ కొలత నచ్చలేదు. తుని సంతలో, అనకాపల్లి బజారులో కిలో వంకాయలు తూచాక ఇంకో రెండు కాయలు వేయించుకుంటే గానీ కదలని జనం వాళ్ళు. కొసరు లేకుండా కూరగాయలే కొనని వాళ్ళం, కొసరు లేని ఊపిరి పీలుస్తామా అని పేచీ పెట్టారు. అందుకని ప్రతి గదికీ ఒక మీట బిగించారు. ఒక్క నొక్కుకి అర లీటరు అదనం. గృహప్రవేశం నాడు పాలు పొంగించాక మొదటి నొక్కు ఆడపడుచు చేత నొక్కించడం కూడా ఆచారమై కూర్చుంది.

గణన గదిలో ఒంటరిగా పనిచేసుకుంటున్న తాయారు ఆ పొద్దున ఆ మీటనే నొక్కి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ప్రాణం కాస్త కుదుటపడింది. ఆమెకి నలభై ఆరేళ్ళు. రెండువేల మంది ఉన్న పాలెంలో కంప్యూటర్ల లోపలి సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అంటే ఎవరి తలుపు పట్టేసినా, ఎవరి పాట మధ్యలో ఆగినా, ఎవరి పొయ్యి వేడెక్కకపోయినా తిట్లు ఆమెకే.

ఈమధ్య ఆ తిట్లకి హద్దు లేకుండా పోయింది. నెలరోజుల కిందట సౌర తుఫాను వచ్చి పెద్ద కంప్యూటరు ప్రాసెసర్ మాడిపోయింది. గాలి పంపకమంతా చూసేది ఆ కంప్యూటరే, ఊళ్ళో దాన్ని గుమాస్తా అంటారు. అవసరానికి ఉంటాయని భూమి నుంచి తెచ్చిన రెండు విడి ప్రాసెసర్లు కూడా దాంతోపాటే మాడిపోయాయి, ఎందుకంటే భద్రంగా ఉంటాయని ఎవరో మహానుభావుడు వాటిని దాని పక్క అరలోనే పెట్టాడు. కొత్తవి మోసుకొచ్చే ఓడ రావడానికి పదకొండు నెలలు. ఊళ్ళో మిగిలినవల్లా తలుపుల తాళాల్లో వాడే చిన్న ప్రాసెసర్లు. అవి కావలసినన్ని ఉన్నాయి గానీ వాటికి పూర్ణసంఖ్యలు తప్ప ఏమీ రావు.

గాలి లెక్కలకేమో ఫ్లోటింగ్ పాయింట్ గణితం కావాలి. తాయారు దాన్ని తేలే చుక్క లెక్క అనేది. సంఖ్యలోని అంకెలు ఒకచోట రాసి, దశాంశపు చుక్క ఎక్కడ పడుతుందో పక్కన విడిగా రాసుకుంటారు. చుక్క అటూ ఇటూ తేలుతుంది కాబట్టి పిసరంత సంఖ్యనీ కొండంత సంఖ్యనీ అదే జాగాలో పట్టించవచ్చు. మాడిపోయిన ప్రాసెసర్లో ఈ లెక్కలకని ప్రత్యేకంగా ఒక భాగం ఉండేది, కూడమంటే రెప్పపాటులో కూడేది. తాళం ప్రాసెసర్లో ఆ భాగం లేదు. కూడమన్న ఆదేశం కనబడగానే అది తెల్లమొహం వేసుకుని ఆగిపోతుంది.

పోనీ గాలి ప్రోగ్రామునే తిరగరాద్దామంటే, అది ముప్ఫై ఏళ్ళ కిందట భూమ్మీద ఎవరో రాసి సీలు వేసి పంపింది. దాని మూలప్రతి ఎక్కడుందో రాసిన కంపెనీకే తెలియదు. అందులో ఒక్క అక్షరం కదిపినా గాలి వదిలే కవాటం తెరుచుకుంటుందో మూసుకుంటుందో చెప్పలేం కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు.

అందుకని తాయారు మధ్యలో అనుకరణి అని ఇంకో ప్రోగ్రాము రాసింది. తాళం ప్రాసెసర్ తనకు రాని ఆదేశం దగ్గర ఆగిపోగానే అనుకరణి పట్టుకుంటుంది. అంకెల్ని, చుక్కని విడదీసి, రెండు సంఖ్యల చుక్కల్నీ ఒక వరసలోకి జరిపి, పూర్ణసంఖ్యల్లాగే కూడి, మళ్ళీ చుక్కపెట్టి, జవాబు ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టేసి తప్పుకుంటుంది. పైనున్న ప్రోగ్రాముకి మధ్యలో ఏం జరిగిందో తెలియదు. చదువురాని పెద్దమనిషి చేతిలో ఉత్తరం పెడితే వెనకాల నుంచొని ఎవరో చెవిలో చదివిపెట్టినట్టన్న మాట. ఎటొచ్చీ పాతదాని కంటే నూటయాభై రెట్లు నిదానం. నిమిషానికోసారి చేసే గాలి లెక్కకి ఆ నిదానం అడ్డం కాలేదు. గుమాస్తా గొంతుకి మాత్రం అడ్డమైంది. మాట్లాడడానికి కూడా అది ఈ లెక్కలే వాడుతుంది కాబట్టి "నమస్కారం" అనడానికి దానికి అరనిమిషం పట్టేది.

అనుకరణి రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ కవాటాన్ని చేత్తో తిప్పింది అప్పలనర్సమ్మ. ఆవిడ ముప్ఫై ఏళ్ళు గాలి కేంద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. డెబ్భై దాటిన వయసులో వచ్చి, నలుగురు కుర్రాళ్ళని పక్కన పెట్టుకుని, గడియారం చూస్తూ చక్రం తిప్పి ఊరి ప్రాణం నిలబెట్టింది. అప్పుడు ఆవిడకి హారతులు పట్టిన జనమే, అనుకరణి మొదలైన మర్నాటి నుంచి తాయారు మీద పడ్డారు. గాలి మునుపటిలా లేదట. పల్చగా ఉందట, రుచి లేదట, నొక్కితే ఊపిరి ఆనడం లేదట. పాత చిప్పు గాలి వేరండీ అని ఒకాయన గదికి వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. గాలి చిప్పులోంచి రాదని ఆయనకి చెప్పడానికి ఓపిక లేక తాయారు మీట నొక్కుకుంది.

ఈ తిట్లన్నీ ఒక ఎత్తయితే ఆ పొద్దున గవర్రాజు తెచ్చిన కబురు ఒక ఎత్తు. ఆయన పాలెం అధికారి, నెమ్మదైన మనిషి. కానీ ఆ నెమ్మదితోనే ఎదుటివాళ్ళ ప్రాణం తీస్తాడు. నిల్వ తొట్లలో అరవై లక్షల లీటర్ల ప్రాణవాయువు ఉండాలి. అనుకరణి నడుస్తున్న ఈ ఇరవై రోజుల్లో పన్నెండు లక్షలు తగ్గింది. తయారీ తగ్గలేదు, జనం పెరగలేదు, ఎక్కడా చిల్లు లేదు. ఇదే వరసలో పోతే ఎనభై రోజులకి తొట్లు ఖాళీ. ఓడకింకా పది నెలలు.

"మీ లెక్కలో ఏదో తేడా ఉందండి" అన్నాడు గవర్రాజు. "పాతదానికి నకలు చాలని మొదట్లోనే అన్నాను."

నకలు అన్నమాట తాయారుకి గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె నకలు చెయ్యలేదు. పాత ప్రాసెసర్ ఒక్కో సంఖ్యకి ఇరవైనాలుగు బిట్లే ఇచ్చేది. ఇరవైనాలుగు గళ్ళున్న కాగితం అనుకోవచ్చు, పట్టిన అంకెలు పట్టగా మిగిలినవి రాలిపోతాయి. చేతిలో ఉన్నది సాఫ్ట్‌వేర్, ఎన్ని గళ్ళంటే అన్ని గీసుకోవచ్చు, మరి ఇరవైనాలుగుతో ఎందుకు సరిపెట్టుకోవాలని ఆమె అరవైనాలుగు పెట్టింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, పని తెలిసినవాళ్ళకి అసలు దురదే అది. తన లెక్క పాత లెక్క కంటే కచ్చితమైందే గానీ తేడా ఎలా అవుతుందని ఆమె మండిపడింది. ఆ మాట పైకి అనలేదు, మీట మాత్రం రెండుసార్లు నొక్కింది.

మూడు రోజులు ఆమె వేరే పని పెట్టుకోలేదు. అనుకరణి చేసిన లెక్కల్లోంచి పది లక్షలు తీసి, ఇంకో దారిలో మళ్ళీ చేయించి సరిచూసింది. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు, అన్నీ ఒప్పయితే ఏం చేస్తారెవరైనా? అప్పుడిక పాత నిల్వల రికార్డులు ముందేసుకుంది. ముప్ఫై ఏళ్ళ గీతలూ ఒకేలా ఉన్నాయి. ప్రతి ఉగాదికీ, అంటే అప్పటిదాకా వదిలిన గాలి మొత్తాన్ని సున్నా చేసి కొత్తగా మొదలుపెట్టే రోజు నుంచీ, ఎనిమిది రోజులు నిల్వ తగ్గుతుంది. ఆ తర్వాత తగ్గడం ఆగి, మళ్ళీ ఉగాదిలోపు మెల్లిగా పూడుతుంది. పండగ కదా, పిండివంటలు, పొయ్యిలు, పిల్లల గంతులు అని దాన్ని అందరూ కొట్టిపారేశారు. అయితే పండగ మూడు రోజులకే అయిపోతుందని తాయారుకి తట్టింది.

ప్రతి వాటానీ, ప్రతి నొక్కునీ గుమాస్తా ఒకే మొత్తానికి కూడుతూ పోతుంది, ఆ మొత్తం ఎంత పెరిగితే కవాటం అంతే గాలి వదులుతుంది. ఎనిమిదో రోజుకి ఊరి మొత్తం ఎనభైనాలుగు లక్షల లీటర్లు దాటుతుంది. ఇరవైనాలుగు గళ్ళ కాగితం మీద అంత పెద్ద సంఖ్య రాస్తే అర లీటరుకి చోటు ఉండదు. నిమిషానికి పడే ఊరి వాటా ఏడెనిమిది వందల లీటర్లు కాబట్టి అది నిలుస్తుంది. ఒక నొక్కు తాలూకు అర లీటరు మాత్రం, కూడగానే రాలిపోతుంది. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఒక గింజ వేస్తే ముల్లు కదలదు. లక్షసార్లు ఒక్కొక్క గింజే వేసి తీస్తున్నా కదలదు.

అంటే ఏటా ఆ ఎనిమిది రోజులు తప్పిస్తే, ముప్ఫై ఏళ్ళుగా కొసరు మీట నొక్కినా గాలి రాని మీట. తన అరవైనాలుగు గళ్ళ పుణ్యమా అని ఇప్పుడే అది నిజంగా పనిచెయ్యడం మొదలెట్టింది. మనిషికి సగటున రోజుకి అరవై నొక్కులు, ఊరంతటికీ అరవై వేల లీటర్లు. పోనీ ఆ గాలన్నా జనం పీల్చారా అంటే అదీ లేదు. అవసరానికి మించి పీడనం పెరిగేసరికి భద్రతా కవాటాలు తెరుచుకుని అంతా బయట ఎర్రమట్టి మీదకి పోతోంది. ముప్ఫై ఏళ్ళు ఉత్తుత్తి కొసరుతో హాయిగా ఉన్న జనం, అసలు కొసరు ఇస్తుంటే గాలి పల్చగా ఉందంటున్నారు. తాయారుకి నవ్వాలో గోడకి తల బాదుకోవాలో తెలియలేదు.

ఈ సంగతి ముందు అప్పలనర్సమ్మకి చెప్పింది. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే విన్నది.

"ఏటే తాయారూ, ఆ మీట నొక్కితే గాలొస్తాదని నీకెవుడు సెప్పినాడు?" అంది. "నాను కవాటం కాడ ముప్పై ఏళ్ళు కూకున్నాను. గాలెల్తే ఈలేత్తాది. ఉగాదెల్లిన వారం రోజులు మీట నొక్కితే ఈల మారేది. ఆ తరవాత ఊరంతా నొక్కినా మారేది కాదు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం నర్సమ్మత్తా?"

"సెప్పి ఏటి సేత్తానే? నొక్కినోడికి ఊపిరాడతన్నాది. ఆడతన్న ఊపిరికి నా నోరెందుకు అడ్డమెట్టాలి?"

గవర్రాజుకి చెబితే ఆయన ఒక పూటంతా ఆలోచించి, జనానికి సగం నిజం చెబుదామన్నాడు. సాయంత్రం మైకులో ప్రకటన వచ్చింది. నిల్వ తగ్గుతోంది కనుక ఓడ వచ్చేదాకా కొసరు మీట వాడకం తగ్గించుకోవలసిందిగా కోరుతున్నాం అని. మర్నాటికి నొక్కులు రెట్టింపయ్యాయి. రేపు ఉంటుందో ఊడుతుందో అని ఇవాళే నొక్కుకున్నారు. పిల్లల గదిలో మీట మీద గరిటె కట్టి ఒరగబెట్టిన తల్లులున్నారు. ఎనభై రోజులన్నది ముప్ఫై అయిదుకి దిగింది. తాయారు గది ముందు పెద్దమనుషులు వరస కట్టి, మా ఇంట్లో రోజుకి నాలుగంటే నాలుగు నొక్కులు, అదీ మా నాన్నగారి ఆయాసానికి, మీరు పక్కింటి వాళ్ళని అడగండి అన్నారు. పక్కింటి వాళ్ళూ అదే అన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం.

మీటలు పీకేద్దామని తాయారు అంది. మీట పీకితే జనం తలుపులు పీకుతారని గవర్రాజు అన్నాడు. ఆయన దగ్గర ఒకటే ఉపాయం ఉంది. అనుకరణిని కూడా ఇరవైనాలుగు గళ్ళకి కుదించెయ్యాలి. పాతది ఏ తప్పు చేసేదో ఆ తప్పే చెయ్యాలి.

"తెలిసి తెలిసి నా చేత్తో తప్పు రాయమంటారా?" అంది తాయారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇదొక్కటి. దానికి తన చేతులతోనే పురుగు పట్టించమంటున్నారు. అదీ, రోజుకి నాలుగే నొక్కుతామని మొహం మీద అబద్ధాలాడే ఈ జనం కోసం. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. తప్పు లెక్కది కాదు మనుషులది, మనుషుల్నే దిద్దాలంది. ప్రతి నొక్కూ ఏ గదిలోంచి వచ్చిందో గుమాస్తా దగ్గర నమోదై ఉంటుంది. ఎక్కువ నొక్కిన పదిమంది పేర్లు మైకులో చదివిస్తే మిగతావాళ్ళకి సిగ్గొస్తుందని పట్టుబట్టింది. గవర్రాజు వద్దు వద్దంటూనే, ముందు మన ముగ్గురం విందామని అప్పలనర్సమ్మని కూడా పిలిపించాడు.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. గవర్రాజు నుంచునే ఉన్నాడు. తాయారు గోడకి ఆనుకుని, కిందటి నెలలో రోజుకి అందరి కంటే ఎక్కువ నొక్కులు ఎవరివని గుమాస్తాని అడిగింది.

"మొ... ద... టి... స్థా... నం..." అని మొదలెట్టింది గుమాస్తా.

ముగ్గురూ ఎదురుచూశారు. పై వరస ఇళ్ళవాళ్ళే అయుంటారని తాయారు అంది. లేకపోతే గరిటె కట్టిన ఆ మహాతల్లి. గుమాస్తా ఒక్కో అక్షరానికీ నూటయాభై రెట్లు ఆలోచిస్తోంది.

"గ... ణ... న... గ... ది."

గుమాస్తా అక్కడితో ఆగలేదు.

"రో... జు... కి... మూ... డు... వం... ద... ల... ప... న్నెం... డు."

గణన గదిలో పనిచేసేది ఒక్కతే మనిషి. తాయారు ఏదో అనబోయింది. ఈ గదికి వెలుతురు సరిగా రాదని, పని ఒత్తిడని, తను నొక్కేది రోజుకి నాలుగైదు కంటే ఉండదని, మీట పాడై తనంతట తనే నొక్కుకుంటోందేమో చూడాలని. ఆ మాటలన్నీ వారం రోజులుగా గుమ్మం ముందు వరస కట్టిన వాళ్ళ నోటివెంట విన్నవేనని నాలుక చివరదాకా వచ్చాక తెలిసింది. గవర్రాజు మర్యాదగా కిటికీలోంచి బయటి ఎర్రమట్టి వంక చూస్తున్నాడు. అప్పలనర్సమ్మ మాత్రం తాయారు కుడిచేతి వంకే చూస్తోంది. ఆ చూపు వెంబడే తాయారూ తల తిప్పి చూసుకుంది. ఆమె బొటనవేలు మీట మీదే ఉంది. గుమాస్తా పేరు చదువుతున్నంతసేపూ ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకే తెలియదు.

వేలు తీసేసి, ఎవరివంకా చూడకుండా వెళ్ళి అనుకరణిని కుదించడానికి తన కుర్చీలో కూర్చుంది.

తప్పు రాయడం తేలికనుకుంటారు గానీ కాదు. ఒప్పుకి ఒకటే దారి. పాత తప్పుని ఉన్నది ఉన్నట్టు దింపాలంటే అది ఎక్కడ అంకె కత్తిరించేదో, సరిగ్గా సగం మిగిలినప్పుడు ఎటు మొగ్గేదో అంతా పట్టుకోవాలి. నాలుగు రోజులు కూర్చుని ఆ పని చేసింది. అంతకు ముందు తొమ్మిది రోజుల్లోనూ పెట్టనంత శ్రద్ధ పెట్టింది. అయిదో రోజు పొద్దున కొత్త అనుకరణి ఎక్కించారు. కవాటం దగ్గర కూర్చున్న అప్పలనర్సమ్మ చెవి ఒగ్గి విని, ఈల మారడం లేదని కబురు పంపింది. మధ్యాహ్నానికల్లా నిల్వ గీత నిలబడింది. వచ్చే ఉగాదికి మళ్ళీ ఎనిమిది రోజులు కొసరు దక్కుతుంది, దాన్ని పండగ ఖర్చు కింద రాసుకుందామని గవర్రాజు ఒప్పుకున్నాడు. నిజం ముగ్గురి మధ్యే ఉండాలని కూడా అనుకున్నారు.

సాయంత్రానికి ఊరు ఊరంతా తాయారు గదికి వచ్చింది. పాత చిప్పు గాలి వేరన్న పెద్దాయన గుండెనిండా పీల్చి చూపించి, ఇదమ్మా గాలంటే, ఇన్నాళ్ళకి దారిలో పెట్టావు అన్నాడు. గరిటె కట్టిన తల్లి గోంగూర పచ్చడి తెచ్చింది. ఇప్పుడు ఒక్క నొక్కుకే పిల్లాడికి ఊపిరి ఆనుతోందట. ఆఖరున గవర్రాజు వచ్చి, నలుగురూ వింటుండగా ఎంతో నెమ్మదిగా అన్నాడు.

"నేను మొదటే చెప్పాను కదండీ, నకలు చాలని."

అందరూ వెళ్ళిపోయాక తాయారు తలుపు వేసుకుంది. ఒళ్ళు మండిపోతోంది. తను చేసిన మంచిపనికి తిట్లు తిని, తప్పు చేసినందుకు పచ్చడి పుచ్చుకుంది. ఈ మాట ఎవరితోనూ చెప్పుకోవడానికి కూడా లేదు. గోడ మీద ఇత్తడి మీట తళతళలాడుతోంది. నొక్కితే ఏమీ రాదు. రాకుండా చేసింది తనే. ఎన్నో గడి దగ్గర అర లీటరు రాలిపోతుందో ఈ గ్రహం మీద తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

తాయారు లేచి వెళ్ళి మీట నొక్కింది. ప్రాణం కాస్త కుదుటపడింది. కొసరుగా ఇంకోసారి నొక్కింది.